ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పరుగెత్తినంత!

42.195 కిలోమీటర్లు. ఒలింపిక్ వీరులు రెండు గంటల పైచిలుకులో ముగించే ఈ దూరాన్ని ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, ఇల్లు చక్కబెట్టుకునేవాళ్లు ఐదారు గంటల్లో పూర్తిచేస్తున్నారు. పతకాల ఆశ లేని ఈ మామూలు రన్నర్లకు మారథాన్ ఎలా సాధ్యమవుతోంది? నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో ఉన్నవాళ్లు దానికి ఎలా సిద్ధం కావచ్చు?

ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే ఇంచుమించు 42 కిలోమీటర్లు వస్తుంది. రోడ్డు మలుపులు కలుపుకొంటే ఇంకాస్త ఎక్కువ. బస్సులో కూర్చుని వెళ్లినా ఎప్పుడు దిగుతామా అనిపించే ఆ దూరాన్ని సొంత కాళ్ల మీద ఒక్క పూటలో దాటితే అది మారథాన్.

ఏటా ఆగస్టు ద్వితీయార్ధంలో హైదరాబాద్‌లో, చలికాలం మొదట్లో విశాఖ సాగరతీరంలో వేలమంది ఇలాంటి పరుగుల్లో పాల్గొంటున్నారు. హైదరాబాద్ మారథాన్ 2011లో మొదలైంది. దాని వెనుక ఉన్న హైదరాబాద్ రన్నర్స్ బృందం అంతకు నాలుగేళ్ల ముందే, 2007లో, కలిసి పరుగెత్తడం ప్రారంభించింది. విశాఖ నేవీ మారథాన్ 2014లో మొదలైంది. ఈ పోటీలకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది 5, 10, 21 కిలోమీటర్లతో సరిపెట్టుకుంటారు. పూర్తి మారథాన్‌కు నిలబడేవాళ్లు కొద్దిమందే. వాళ్లలోనూ బహుమతి కోసం వచ్చేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవాళ్లంతా గమ్యం చేరితే చాలనుకునేవాళ్లు.

మారథాన్ నగరాల్లో ఉండేవాళ్ల వ్యవహారమని, ఖరీదైన బూట్లు కొనగలిగేవాళ్ల సరదా అని మన పల్లెల్లో చాలామంది అనుకుంటారు. ఆ పరుగు చరిత్ర చూసినా, దానికి కావలసిన సాధన చూసినా ఆ అభిప్రాయం నిలబడదు.

నీళ్లు మోసిన మనిషి గెలిచిన పరుగు

1896లో ఏథెన్స్‌లో తొలి ఆధునిక ఒలింపిక్స్ జరిగాయి. మారథాన్ అనే ఊరి నుంచి ఏథెన్స్ దాకా సుమారు 40 కిలోమీటర్ల పరుగు పెట్టారు. గెలిచింది స్పిరిడాన్ లూయిస్. ఏథెన్స్ పక్కనే ఉన్న మరూసి ఆయన ఊరు. అక్కడి నుంచి పట్నానికి మంచినీళ్లు చేరవేయడం ఆయన కుటుంబం వృత్తి. ఆయనకు పట్టిన సమయం 2 గంటల 58 నిమిషాల 50 సెకన్లు.

ఇప్పుడున్న 42.195 కిలోమీటర్ల కొలత 1908 లండన్ ఒలింపిక్స్‌లో వచ్చింది. విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోట ముగించేలా దారి వేస్తే అంత దూరం తేలింది. 1921లో దాన్నే ప్రపంచమంతటికీ ప్రమాణంగా తీసుకున్నారు. ఆడవాళ్లకు ఒలింపిక్ మారథాన్‌లో చోటు దొరకడానికి మాత్రం 1984 లాస్ ఏంజెలిస్ క్రీడల దాకా ఆగవలసి వచ్చింది. ఇంత దూరం పరుగెత్తితే ఆడవాళ్ల శరీరం తట్టుకోదని అప్పటిదాకా చెబుతూ వచ్చారు.

మన దగ్గర ఆ మాటకు సమాధానం చెప్పినవాళ్లలో జయంతి సంపత్‌కుమార్ ఒకరు. 2017 ఆగస్టు 20న జరిగిన హైదరాబాద్ మారథాన్‌లో ఆవిడ చీర కట్టుకుని, కాళ్లకు చెప్పులతో పూర్తి మారథాన్ పరుగెత్తారు. అప్పటికి ఆవిడ వయసు 44. ఐదు గంటల లోపే గమ్యం చేరారు. చేనేతకు ప్రచారం కల్పించాలన్నది ఆవిడ ఉద్దేశం. ఏం కట్టుకోవాలన్న సంకోచంతో మహిళలు పరుగుకు దూరం కాకూడదన్నది రెండో ఉద్దేశం. పరుగెత్తాలని ఉన్నా నలుగురూ ఏమనుకుంటారోనని గడప దాటని ఆడవాళ్లు ఉదయగిరిలోనూ ఉంటారు, ఆత్మకూరులోనూ ఉంటారు. వాళ్లకు ఈ ఉదాహరణ చాలు.

వయసు అడ్డమనుకునేవాళ్లకు ఫౌజా సింగ్ ఉన్నారు. పంజాబ్ పల్లె నుంచి ఇంగ్లండ్ వెళ్లి స్థిరపడిన ఈ రైతు 2000లో, 89 ఏళ్ల వయసులో, లండన్‌లో మొదటి మారథాన్ పూర్తిచేశారు. 2011లో టొరంటో మారథాన్ ముగించేనాటికి ఆయనకు నూరేళ్లు. పట్టిన సమయం 8 గంటల 11 నిమిషాలు. జనన ధ్రువపత్రం లేదని గిన్నిస్ వారు రికార్డుగా నమోదు చేయలేదు. 2025 జూలైలో సొంత ఊరి దగ్గర రోడ్డు దాటుతుండగా వాహనం ఢీకొని ఆయన కన్నుమూశారు.

1600 మీటర్ల దగ్గర ఆగిపోతున్నారు

పడమటి మండలాల్లో పరుగు కొత్త విషయమేమీ కాదు. కానిస్టేబుల్ పోస్టులకో, అగ్నివీర్ ఎంపికలకో ప్రకటన పడిందంటే కోడి కూసే వేళకే కుర్రాళ్లు రోడ్డెక్కుతారు. కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో పురుషులు 1600 మీటర్లను 8 నిమిషాల్లో దాటాలి. సైన్యంలో అదే 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి మార్కులు. ఉద్యోగం వచ్చిన రోజునో, వయోపరిమితి దాటిన రోజునో ఆ పరుగు ఆగిపోతుంది. ఆ తర్వాత పదేళ్లకు నడుము చుట్టుకొలత పెరుగుతుంది, బీపీ మాత్రలు మొదలవుతాయి.

అలా ఆగిపోయినవాళ్లు మళ్లీ బూట్లు తొడుక్కున్నప్పుడు ముందుగా వేగం గురించిన పాత అలవాటును పక్కన పెట్టాలి. 2019 అక్టోబరు 12న కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్‌చోగే వియన్నాలో మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో దాటారు. ప్రత్యేక ఏర్పాట్లతో జరిగినందువల్ల దాన్ని ప్రపంచ రికార్డుగా లెక్కించలేదు. అయినా ఆ వేగం ఎంతో చూడండి. ప్రతి 100 మీటర్లకూ 17 సెకన్లు. కానిస్టేబుల్ పరీక్షలో 100 మీటర్లను 15 సెకన్లలో దాటి రొప్పుతూ కూలబడే కుర్రాడు, దాదాపు అదే వేగంతో 420 సార్లు వరుసగా పరుగెత్తితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మామూలు మనిషికి ఆ పోలిక అక్కర్లేదు. ఐదు గంటల్లో మారథాన్ ముగించాలంటే కిలోమీటరుకు ఏడు నిమిషాలు చాలు. ఆరు గంటలైతే ఎనిమిదిన్నర నిమిషాలు. పక్కన పరుగెత్తే మనిషితో రొప్పకుండా కబుర్లు చెప్పగలిగే వేగం ఇది. తొలిసారి బరిలోకి దిగేవాళ్లలో చాలామంది వేగం చాలక ఓడిపోరు. మొదటి పది కిలోమీటర్లలో తొందరపడి చివరి పది కిలోమీటర్లలో నిలబడలేక ఓడిపోతారు.

కొండ, కట్ట, ఎండ

శిక్షణకు కావలసిన నేల ఈ ప్రాంతంలో ఇంటి ముందే ఉంది. ఉదయగిరి దుర్గం ఉన్న కొండ సముద్రమట్టానికి 3,000 అడుగుల పైన ఉంటుంది. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలకు 1513-14లో దాదాపు ఏడాదిన్నర పట్టింది. సైన్యం బురుజుల దగ్గరికి చేరడానికి బండరాళ్లు పగలగొట్టించి దారులు వేయించారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. ఆ కొండ దారిలో వారానికి ఒకసారి ఎక్కిదిగేవాళ్లకు తొడల్లో, పిక్కల్లో వచ్చే బలం నున్నటి రోడ్డు మీద ఎన్నాళ్లు తిరిగినా రాదు. ఎక్కేటప్పుడు గుండెకూ ఊపిరితిత్తులకూ పని పెరుగుతుంది. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువు మోస్తాయి. తెల్లారి నొప్పి ఎక్కువగా ఉండేది ఈ దిగుడు వల్లనే. కొన్ని వారాలు అలవాటైతే అదే కండరం గట్టిపడుతుంది.

ఆత్మకూరు వైపు నేల తీరు వేరు. చెరువు కట్టలు, సోమశిల కాలువల గట్లు, పొలాల మధ్య మట్టిబాటలు ఎక్కువ. పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగుకూ శరీర బరువుకు రెండు మూడు రెట్ల భారం కాలి మీద పడుతుంది. మట్టి నేల ఆ దెబ్బను కొంత తగ్గిస్తుంది. సంగం, ఆత్మకూరు మీదుగా బద్వేలు వైపు వెళ్లే 67వ నంబరు జాతీయ రహదారిని మాత్రం వదిలేయాలి. కృష్ణపట్నం రేవు లారీలు రాత్రీపగలూ తిరిగే ఆ దారిలో చీకట్లో పరుగెత్తడం ప్రాణాలతో చెలగాటం. మామూలు ఊరి రోడ్డయినా సరే, ఎదురుగా వచ్చే వాహనం కనిపించేలా కుడి పక్కనే పరుగెత్తాలి. మెరిసే పట్టీలున్న బనీను వేసుకోవాలి.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఉదయగిరి ఎండ గురించి ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. వేడిలో మారథాన్ ఎంత ప్రమాదమో 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ చూపించింది. ఆ రోజు ఎండకు బరిలో దిగినవాళ్లలో దాదాపు సగంమంది మధ్యలోనే ఆగిపోయారు. పోర్చుగల్ రన్నర్ ఫ్రాన్సిస్కో లాజారో కుప్పకూలి మర్నాడు చనిపోయారు. ఎండ సోకకుండా ఒంటికి మైనం పూసుకోవడంతో చెమట బయటికి పోలేదని చెబుతారు. అదే పోటీలో జపాన్ రన్నర్ షిజో కనకురి వడదెబ్బకు సొమ్మసిల్లి, దారిలో ఒక ఇంట్లో సేదతీరి, నిర్వాహకులకు చెప్పకుండా స్వదేశం వెళ్లిపోయారు. 1967లో స్వీడన్ వాళ్లు ఆయన్ను పిలిపించి మిగిలిన పరుగు పూర్తిచేయించారు. ఆయన పేరిట నమోదైన సమయం 54 ఏళ్ల 8 నెలల 6 రోజుల 5 గంటల 32 నిమిషాల 20.3 సెకన్లు.

వేడికి శరీరం అలవాటుపడుతుంది. అందుకు పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఈ అలవాటు తెల్లారుజాము వేడికీ ఉక్కకూ సరిపోతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండకు ఏ సాధనా సరిపోదు. వేసవిలో సూర్యుడు పొడిచేసరికి పరుగు ముగించి ఇంటికి చేరాలి.

నాలుగైదు నెలల పని

అప్పటికే ఐదు కిలోమీటర్లు హాయిగా పరుగెత్తగలిగిన మనిషికి మారథాన్ శిక్షణ 16 నుంచి 20 వారాలు. అసలు అలవాటే లేనివాళ్లు అంతకు ముందు మరో ఆరునెలలు నడక, నెమ్మది పరుగు కలిపి చేయాలి. వారానికి నాలుగు రోజులు చాలు. మూడు రోజులు చిన్న పరుగులు, ఆదివారం ఒక ‘లాంగ్ రన్’. ఈ లాంగ్ రన్ శిక్షణకు ఆయువుపట్టు. పది కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి ఒకటి రెండు కిలోమీటర్లు పెంచుతూ 30, 32 దాకా వెళతారు. నాలుగో వారం కాస్త తగ్గించి కాళ్లకు విరామమిస్తారు. పోటీకి మూడు వారాల ముందు నుంచి దూరం తగ్గిస్తూ వస్తారు. రన్నర్లు దీన్ని ‘టేపర్’ అంటారు. ఆ వారాల్లో ఒళ్లు బరువెక్కినట్టు, మోకాలు లాగుతున్నట్టు, చేసిన సాధనంతా పోయినట్టు అనిపిస్తుంది. కంగారుపడి మళ్లీ ఎక్కువ పరుగెత్తితే చేటు.

శిక్షణలో 42 కిలోమీటర్లు ఒక్కసారి కూడా పరుగెత్తరు. అంత దూరం తర్వాత కోలుకోవడానికి పట్టే రోజులు సాధనను దెబ్బతీస్తాయి. అందుకే మొదటిసారి పరుగెత్తేవాళ్లకు చివరి పది కిలోమీటర్లు పూర్తిగా కొత్త. ముప్పై రెండు దాకా తెలిసిన శరీరం, ఆపైన తెలియని దారి.

తిండికి ప్రత్యేకమైన పొడులు అక్కర్లేదు. అన్నం, పప్పు, రాగి సంగటి, గుడ్లు, వేరుశనగ, అరటిపండు, మజ్జిగ ఈ సాధనకు సరిపోతాయి. పోటీకి ముందు రెండు మూడు రోజులు అన్నం వాటా పెంచి నూనె, పీచు తగ్గిస్తారు. బూట్లు మాత్రం చూసి కొనాలి. పరుగులో పాదం ఉబ్బుతుంది కాబట్టి బొటనవేలి ముందు వేలి వెడల్పంత జాగా ఉండాలి. కొత్త బూట్లతో పోటీకి వెళ్లి గోళ్లు నల్లబడి ఊడిపోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

నెక్లెస్ రోడ్ నుంచి గచ్చిబౌలి దాకా

హైదరాబాద్ మారథాన్ పూర్తి పరుగు చీకటి విడవకముందే నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలవుతుంది. ఛాతీ మీద నంబరు ఉన్న ‘బిబ్’, సమయం నమోదు చేసే చిన్న చిప్, చంకల్లోనూ తొడల మధ్యా ఒరుసుకోకుండా రాసుకున్న వాజిలిన్, జేబులో నాలుగు ఖర్జూరాలు. నిర్ణీత సమయం రాసిన జెండాలు పట్టుకున్న ‘పేసర్లు’ ముందు నిలబడతారు. ఎవరి వేగానికి తగ్గ పేసర్ వెనుక వాళ్లు చేరతారు.

మొదటి పది కిలోమీటర్లు తేలిగ్గా ఉంటాయి. హుస్సేన్‌సాగర్ మీది చల్లగాలి, జనం చప్పట్లు, కొత్త బట్టల ఉత్సాహం కాళ్లను ముందుకు తోస్తాయి. ఇక్కడ తనను తాను ఆపుకోగలగడమే అసలు నేర్పు. పంజాగుట్ట, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు ఫ్లైఓవర్లు, ఎగుడుదిగుళ్లు మొదలవుతాయి. దేశంలోని పెద్ద మారథాన్లలో హైదరాబాద్ దారి కష్టమైనదని పేరు రావడానికి ఈ ఎత్తుపల్లాలే కారణం. ఉదయగిరి కొండ దారిలో సాధన చేసిన మనిషికి ఇక్కడ ఫలితం దక్కుతుంది. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటేసరికి పొద్దెక్కుతుంది, ఆగస్టు ఉక్కకు బనీను ఒంటికి అంటుకుంటుంది. సగం దూరం అయిందన్న సంతోషం కాసేపే ఉంటుంది. అసలు మారథాన్ ముప్పయ్యో కిలోమీటరు రాయి దగ్గర మొదలవుతుంది.

ఆ దశను రన్నర్లు ‘వాల్’ (గోడ) అంటారు. దానికి కారణం లెక్కల్లో ఉంది. 60 కిలోల మనిషి కిలోమీటరు పరుగెత్తడానికి సుమారు 60 కేలరీలు ఖర్చవుతాయి. 42 కిలోమీటర్లకు 2,500 దాటుతుంది. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉండే శక్తి మహా అయితే 2,000 కేలరీలు. ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్ల మధ్య అది అడుగంటుతుంది. శరీరం కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది, కానీ ఆ శక్తి అంత త్వరగా అందదు. కాళ్లు సీసం పోసినట్టు బరువెక్కుతాయి. చిన్న లెక్క కూడా మనసుకు అందదు. ఎందుకు వచ్చానా అనిపిస్తుంది. దారి పక్కన ముక్కూమొహం తెలియనివాళ్లు అరటిపండు ముక్క అందించి, బిబ్ మీద పేరు చదివి పిలిస్తే కళ్ల నీళ్లు తిరుగుతాయి.

ఆ సమయంలో కాసేపు నడిచినా తప్పులేదు. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక అని మొదటినుంచీ ప్రణాళిక వేసుకుని హాయిగా ముగించేవాళ్లు ఎందరో. మొదటి గంట నుంచే కొద్దికొద్దిగా తింటూ వచ్చినవాళ్లకు ఈ గోడ తక్కువ ఎత్తులో ఎదురవుతుంది.

నీళ్ల విషయంలో రెండు వైపులా ప్రమాదం ఉంది. తాగకపోతే వడదెబ్బ. దాహం లేకపోయినా ఉత్త నీళ్లు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికన్నా తక్కువగా ఉందని వైద్యులు 2005లో ప్రచురించారు. దాహానికి తగ్గట్టు తాగడం, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లో ఓఆర్‌ఎస్సో వెంట ఉంచుకోవడం మంచిది. నిమ్మకు పేరుపడ్డ జిల్లా మనది, వెతుక్కోనక్కర్లేదు.

గచ్చిబౌలి స్టేడియం గేటు కనిపించాక కాళ్లు ఎవరివో అన్నట్టు కదులుతాయి. గీత దాటినవాళ్లలో కొందరు నవ్వుతారు, కొందరు నేల మీద కూర్చుని ఏడుస్తారు. మెడలో పడే పతకం మొదట వచ్చినవాళ్లకూ, ఆఖరున వచ్చినవాళ్లకూ ఒకటే. మర్నాడు మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగాల్సినంత నొప్పి ఉంటుంది. రెండు మూడు వారాల్లో ఒళ్లు తేరుకుంటుంది.

ముందు గుండె పరీక్ష

ఆత్మకూరు శాసనసభ్యుడు, రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 2022 ఫిబ్రవరి 21న, 50 ఏళ్ల వయసులో, గుండెపోటుతో హఠాత్తుగా మరణించారు. వ్యాయామం మీద శ్రద్ధ ఉన్న మనిషికే ఇలా జరిగిందేమిటని నియోజకవర్గమంతా నివ్వెరపోయింది. పరుగంటే భయపడేవాళ్లు ఇప్పటికీ ఆ సంగతి గుర్తుచేస్తారు.

పరుగు వల్ల గుండెకు కలిగే ముప్పు మీద పెద్ద అధ్యయనమే జరిగింది. 2000 నుంచి 2010 దాకా అమెరికాలో మారథాన్, హాఫ్ మారథాన్ పరుగెత్తిన కోటీ తొమ్మిది లక్షల మందిని లెక్కలోకి తీసుకుంటే 59 మందికి గుండె ఆగింది. అంటే లక్షా ఎనభై నాలుగు వేల మందిలో ఒకరికి. వాళ్లలో వైద్య వివరాలు దొరికినవాళ్లలో చాలామందికి ముందు నుంచే గుండె జబ్బు ఉంది. భయపడి మానుకోవాల్సినంత ముప్పు కాదు, పరీక్ష లేకుండా దిగాల్సినంత తేలిక విషయమూ కాదు. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవాళ్లు డాక్టరుకు చూపించుకుని, ఆయన సలహా మేరకు పరీక్షలు చేయించుకున్నాకే శిక్షణ మొదలుపెట్టాలి. పరుగులో ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా ఆ క్షణమే ఆగిపోవాలి. జ్వరం ఉన్నప్పుడు అసలు పరుగెత్తకూడదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు సిద్ధం కావాలంటే ఏప్రిల్ నుంచే లాంగ్ రన్‌లు చేయాలి. మన ఎండల్లో కొత్తవాళ్లకు అది చాలా కష్టం. అందుకే పడమటి నెల్లూరు వాసులకు మొదటి మారథాన్‌గా విశాఖ అనువైనది. 2023లో అది నవంబరు 5న, 2024లో డిసెంబరు 15న జరిగింది. జూలైలో శిక్షణ మొదలుపెడితే ఉదయాలు చల్లబడుతున్నకొద్దీ దూరం పెరుగుతుంది. తేదీ ఏటా మారుతుంది కాబట్టి ప్రకటన చూసుకుని వారాలు వెనక్కి లెక్కపెట్టుకోవాలి.

ఈ పని ఒక్కరే చేయడం కష్టం. ముగ్గురు నలుగురు కలిస్తే తెల్లారుజామున లేవడం అలవాటవుతుంది, కుక్కల భయం తగ్గుతుంది, ఆడవాళ్లు ధైర్యంగా రాగలుగుతారు. ఆత్మకూరు మున్సిపాలిటీ, ఉదయగిరి పంచాయతీ పెద్దలు, హైస్కూళ్ల హెడ్మాస్టర్లు, కాలేజీల యాజమాన్యాలు ఉదయం ఐదింటికల్లా మైదానం గేట్లు తీయించి, నాలుగు దీపాలు వెలిగించి, తాగునీటి కుళాయి ఒకటి పెట్టిస్తే ఈ మండలాల్లో ఉద్యోగ పరీక్షల కుర్రాళ్లకూ, మారథాన్ కలగనేవాళ్లకూ, షుగరు తగ్గించుకోవాలనుకునే పెద్దలకూ అదే చోటు సరిపోతుంది. ఆ ఏర్పాటు చేయాలని వాళ్లను కోరండి. ఈలోగా వచ్చే ఆదివారం ఇంటి దగ్గరి చెరువు కట్ట మీద మూడు కిలోమీటర్లు నెమ్మదిగా పరుగెత్తి చూడండి.